గుర్రపు డెక్కపై ముక్కు పురుగు

అమరకోశంలో తామరకూ కలువకూ ఎన్నో పర్యాయపదాలున్నాయి గాని గుర్రపు డెక్కకు ఒక్కటీ లేదు. ఉండదు కూడా. దాని పుట్టిల్లు అమెజాను నదీ పరీవాహక ప్రాంతం. పంతొమ్మిదవ శతాబ్ది చివర పూల సొగసు చూసి వంగదేశానికి తెచ్చుకొన్నారు. 1936 నాటికి దానిని వదిలించుకొనడానికి అక్కడ చట్టమే చేయవలసి వచ్చింది. తెలుగువాళ్ళు పెట్టిన పేరు మాత్రం ఏ పండితుడికీ తట్టనంత చక్కనిది.

మా నిజామాబాదు, బోధను ప్రాంతపు చెరువులలో దీనికి కొదవ లేదు. 1931లో మంజీరపై నిజాంసాగరు పూర్తయింది. కాలువ నీటితో చెరకు విస్తరించింది. 1937లో శక్కర్‌నగరు కర్మాగారం వెలసింది. అది 2015లో మూతపడినా పొలాల ఎరువు కలిసిన నీరు పల్లానికి దిగడం ఆగలేదు.

పురుగుతో మొక్కను అణచడం మన దేశానికి కొత్త కాదు. 1795లో, కంపెనీ పాలనలో, ఎర్రరంగు మీది ఆశతో బ్రెజిలు నుంచి కలకత్తాకు ఒక పురుగును తెచ్చారు. తీరా చూస్తే అది అసలు రంగుపురుగు కాదు, దాని దాయాది! రంగు దక్కలేదు గాని ఒక జాతి నాగజెముడు నాశనమైంది. 1926లో సింహళం నుంచి మరో జాతి పురుగును దక్షిణాదికి తెప్పించారు, ఈసారి తెలిసే.

గుర్రపు డెక్క వంతు 1982లో వచ్చింది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ నియోకెటినా అనే ముక్కు పురుగులను తెప్పించి, మన పంటలను ముట్టవని పరీక్షించిన పిమ్మటే విడిచింది. అర సెంటీమీటరు పురుగు. ఆకుపై పొరను చిన్న చిన్న మచ్చలుగా గోకి తింటుంది. దాని పిల్ల కాడను తొలుచుకొంటూ మొదటికి దిగి, నీటిలోని వేళ్ళకు గూడు కట్టుకొంటుంది. తొలిచిన కాడ కుళ్ళి మొక్క మునుగుతుంది. 1984లో హెబ్బాళ చెరువులో వదిలితే మూడేళ్ళు నిండకముందే కలుపు చాలావరకు అణగింది.

మరి అన్ని చెరువులలోనూ ఇట్లా ఎందుకు జరగదు? ఎరువూ మురుగూ చేరేచోట మొక్క రెండు వారాలకే రెట్టింపు కాగలదు. పురుగు తరానికి నెలలు పడుతుంది. చెరువు ఎండితే రెండూ పోతాయి గాని, బురదలోని గింజలు తొలకరికి మొలుస్తాయి, పురుగు లేకుండా! యంత్రంతో సమూలంగా లాగివేసినా అంతే. కలుపుతోపాటు పురుగులూ గట్టున ఎండిపోతాయి. లాగవద్దనడం నా ఉద్దేశం కాదు. ఒక మూల కొంత మేర వెదురు అడ్డుకట్టి నిలిపితే పురుగుకు నిలువ నీడ ఉంటుంది. అయితే గుత్తేదారుకు లాగినదానికే గదా బిల్లు!

మీ ఊరి చెరువులో ఆకులపై అట్టి మచ్చలు కనిపిస్తే తెలియజేయ ప్రార్థన.