వరస తెలిసినవాళ్ళు

పెళ్ళిళ్ళలో మీరు గమనించే ఉంటారు. మైకు పట్టుకుని ఓ చిన్నపిల్ల పాడుతుంటే "ఎంత బాగా పాడిందమ్మా" అని మెచ్చుకుంటాం. మెచ్చుకుంటూనే మన చీరల కబుర్లూ, సంబంధాల కబుర్లూ చెప్పుకుంటాం. అదే 70 దాటిన పెద్దావిడ హారతి పళ్ళెం పక్కన కూచుని ఓ మంగళహారతి ఎత్తుకుంటే మాత్రం చుట్టూ సద్దు మణుగుతుంది. ఆవిడ గొంతు వణుకుతూనే ఉంటుంది. పై స్థాయి అందదు. చరణం సగంలో ఊపిరి తెగుతుంది. తెగినచోట పక్కనున్న తోడికోడలు అందుకుంటుంది. పాట మాత్రం తెగదు.

ఎందుకంటారు ఈ ఆకర్షణ? గొంతు మాధుర్యం అనుకుందామంటే అది ఎప్పుడో పోయింది. పాత రోజుల మీద మమకారం అనుకుందామంటే, ఆ పాత రోజుల మొహమే చూడని పిల్లలు కూడా వచ్చి ఆవిడ ముందు బాసింపట్టు వేసుకుని కూచుంటారాయె!

అమెరికాలోనూ ఇలాంటి ముచ్చటే ఒకటుంది. అక్కడి నల్లజాతివారి చర్చిల్లో నలుగురేసి జట్టు కట్టి భక్తిగీతాలు పాడే సంప్రదాయం ఉంది. దాన్ని క్వార్టెట్ అంటారు. ఒకరు పాట నడుపుతారు, ఒకరు పై స్థాయి, ఒకరు నడిమి స్థాయి, ఒకరు పాతాళంలాంటి మంద్రం. వాయిద్యాలు లేనినాడు ఆ మంద్రం పాడే ఆయనే మద్దెల కూడా! 1928లో దక్షిణ కరోలినాలో పుట్టిన 'డిక్సీ హమ్మింగ్‌బర్డ్స్' అనే జట్టులోకి 1938లో ఐరా టక్కర్ అనే 13 ఏళ్ళ కుర్రాడు చేరాడు. 2008లో చనిపోయేదాకా ఆ జట్టే ఆయన లోకం. లెక్కేస్తే 70 ఏళ్ళు. మన కాపురాలు కూడా అన్నేళ్ళు సాగడం అరుదు కదూ!

ఇంకో జట్టు కథ మరీ ముచ్చట. అలబామాలోని ఒక అంధుల బడిలో చదువుకునే నల్లజాతి పిల్లలు కొందరు 1939లో కలిసి పాడటం మొదలెట్టారు. వాళ్ళ పేరే 'బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా'. అంటే అలబామా అంధ బాలురు. జుట్టు నెరిసినా, నడుం వంగినా పేరులో మాత్రం బాలురుగానే ఉండిపోయారు. వాళ్ళకి మొదటి గ్రామీ బహుమతి 2002లో వచ్చింది. అప్పటికి ఆ 'బాలురు' 70 ఏళ్ళ చుట్టుపక్కల ఉన్నారు.

సరే, ఇప్పుడు మన కాలవగట్లకి వద్దాం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు అనగానే మనకి వరిచేలూ, చేపలూ, పెద్దింట్లమ్మ జాతరా గుర్తుకొస్తాయి. ఈ గడ్డమీద నూటయాభై ఏళ్ళకు పైబడిన పాటల చరిత్ర ఒకటుందని మనలో చాలామంది పట్టించుకోం. అదంతా పల్లెల చివర, చిన్న చిన్న గుళ్ళలో, పగలంతా చేలో వంగి నాట్లు వేసినవాళ్ళు రాత్రి దీపం దగ్గర కూచుని పాడుకున్న పాటల చరిత్ర. క్రైస్తవ కీర్తనల చరిత్ర.

1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు వచ్చి నరసాపురం ప్రాంతంలో స్థిరపడ్డారు. కాటన్ దొర దవళేశ్వరం ఆనకట్ట కట్టించినది 1847 నుంచి 1852 దాకా. రాళ్ళు మోసీ, మట్టి తవ్వీ బతికే కూలీల మధ్య వీళ్ళు బోధ చేశారు. అటు బందరులో ఆంగ్లికన్ మిషను 1841లో మొదలై 1854కల్లా ఏలూరు చేరింది. గుంటూరులో 1842లో అడుగుపెట్టిన లూథరన్లు తర్వాత గోదావరి జిల్లాల్లోనూ పని సాగించారు. ఆనకట్టా, కాలవలూ, మిషన్లూ దాదాపు ఒకే తరంలో వచ్చాయన్నమాట.

వచ్చిన దొరలు తమ పాటలు కూడా వెంట తెచ్చుకున్నారు. అక్కడే వచ్చింది చిక్కు. ఇంగ్లీషు బాణీలో తెలుగు మాటల్ని కూర్చోబెట్టడమంటే, పెద్దకోడలి జాకెట్టు చిన్నకోడలికి తొడిగినట్టే. మన మాట అచ్చుతో ముగుస్తుంది, సాగుతుంది, ఊగుతుంది. వాళ్ళ బాణీ ఠక్కుమని ఆగుతుంది. పైగా చదువు చెప్పేవాళ్ళే లేని వాడల్లో పుస్తకం చూసి పాడేదెవరు?

ఆ చిక్కు విప్పినవాళ్ళలో మొదట చెప్పుకోవలసినవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో కటకంలో క్రైస్తవం స్వీకరించాడు. మతం మారినా చెవి మారలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ మన కీర్తనల పద్ధతిలోనే పెట్టి నూరుకు పైగా పాటలు రాశాడు. 1890లో కన్నుమూశాడు. ఆయనవీ, ఆ బాటలో నడిచిన మరెందరివో కలిపి 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే పుస్తకమైంది. మన పెద్దవాళ్ళు త్యాగరాజ కీర్తన పాడుకున్న రాగమే ఆ గుళ్ళలోనూ వినిపించడానికి కారణం ఇదే.

అసలు విషయం ఇక్కడుంది. ఆ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. కింద మాటలుంటాయి. స్వరం ఉండదు! రాగం పేరు చూసి పాట పాడేయడమంటే, 'పులుసు' అనే పేరు చూసి మా అత్తగారి చేతి కొల్లేటి చేపల పులుసు పెట్టేయడంలాంటిది. చింతపండు ఎంతో, మంట ఎప్పుడు తగ్గించాలో పేరు చెప్పదు కదా! అలాగే ఆ పాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఏ మాట దగ్గర నిలవాలో, చరణం నుంచి పల్లవికి ఎలా మళ్ళాలో, అంటే దాని వరస ఏమిటో, ఏ కాగితం మీదా లేదు. అది మనుషుల గొంతుల్లో ఉంది. ఆ మనుషుల్లో చాలామందికి అక్షరం రాదు.

అక్షరం రానివాళ్ళు ఎలా నేర్చుకున్నారంటే, పొలం పనులయ్యాక రాత్రి పూట కూడేవాళ్ళు. ఉపదేశి ఒక చరణం అనేవాడు, జనం అనేవాళ్ళు. నాలుగు రాత్రులకి పాట వచ్చేసేది, పాటతోపాటు అందులోని కథా వచ్చేసేది. 1912లో దోర్నకల్లుకు బిషప్పయిన అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. తర్వాత కృష్ణా గోదావరి జిల్లాల సంఘాలు కూడా ఆయన పరిధిలోకి వచ్చాయి. దేశీయమైన పాటలూ ఆటలూ ఆరాధనలో ఉండాలని ఆయన పట్టుపట్టి ప్రోత్సహించాడు. తాళాలు, కంజీర, డోలక్ గుళ్ళోకి సగౌరవంగా నడిచి వచ్చాయి. విజయవాడ రేడియో 1948లో మొదలయ్యాక భక్తిరంజనిలో మన భజనల పక్కనే ఈ కీర్తనలకీ చోటు దొరికింది.

అన్నట్టు, ఇదంతా వంతపాట విద్య. ఒకరు ఎత్తడం, తక్కినవారు అందుకోవడం. మన బుర్రకథ చూడండి. ప్రజానాట్యమండలి రోజుల నుంచి ఆంధ్రదేశాన్ని ఊపేసి, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో కన్నుమూసిన నాజర్ ఎంత గొప్ప కథకుడైనా, పక్కన ఇద్దరు వంతలు లేకపోతే బుర్రకథ లేదు. కథకుడు ఎక్కడ ఊపిరి పీలుస్తాడో వంతకి తెలియాలి. అది ఒక్కరోజులో తెలిసేది కాదు. ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడితే తెలుస్తుంది. ముసలి గాయకుల్లో మనల్ని కట్టిపడేసేది ఇదేనని నాకనిపిస్తుంది. పడుచు గొంతు తన బలం మీద పాడుతుంది. ముదిరిన గొంతు పక్కవాడి మీద నమ్మకంతో పాడుతుంది. తాను ఆగినా పాట ఆగదని దానికి తెలుసు. ఆ ధీమా వినేవాళ్ళకీ అంటుతుంది.

మళ్ళీ ఒక్కసారి అమెరికా వెళదాం. ఈ క్వార్టెట్లన్నిటికీ తాతమ్మలాంటి బృందం ఒకటుంది. 1866లో నాష్‌విల్‌లో నల్లజాతి వారి కోసం పెట్టిన ఫిస్క్ కళాశాలకి డబ్బు కరువైతే, 1871లో 9 మంది విద్యార్థులు పాటలు పాడి చందాలు తేవడానికి బయల్దేరారు. వాళ్ళే 'జూబిలీ సింగర్స్'. వాళ్ళకి పియానో వాయిస్తూ పాటలు నేర్పినది ఎల్లా షెపర్డ్ అనే అమ్మాయి. బానిసగా పుట్టిన పిల్ల. తమ అమ్మానాన్నలు బానిసత్వంలో చాటుమాటుగా పాడుకున్న పాటల్ని పదిమందిలో పాడటానికి ఆ పిల్లలు మొదట జంకారట. కుర్చీలు చాలక నేలమీద కూచుని, మెల్లమెల్లగా, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారట. ఎల్లా ఆ పాటల్ని సేకరించి స్వరంతో సహా కాగితం మీద పెట్టడంలో పాలుపంచుకుంది. 1884 నుంచి 1890 దాకా ఫ్రెడరిక్ లౌడిన్ నడిపిన బృందం ప్రపంచమంతా తిరుగుతూ మన దేశానికీ వచ్చి పాడింది. ఆ పర్యటన ముగిసిన 1890లోనే ఇక్కడ పురుషోత్తమ చౌదరి కన్నుమూశాడు.

మరి ఇప్పుడు మన పాటల సంగతేమిటి? గుళ్ళలోకి కీబోర్డులూ, పెద్ద పెద్ద స్పీకర్లూ వచ్చాయి. కొత్త పాటలూ వచ్చాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కాని పాత కీర్తనని కీబోర్డు కొలతలో బిగించి పాడితే గమకాలన్నీ ఇస్త్రీ చేసినట్టు చదునైపోతాయి. పాత వరస తెలిసిన ముసలివాళ్ళు ఒక్కరొక్కరే తగ్గిపోతున్నారు. వాళ్ళతోపాటే, మాటలు పుస్తకంలో భద్రంగా ఉన్న పాట కూడా మూగదైపోతోంది.

సెల్‌ఫోన్లో రికార్డు చేసుకుంటే సరిపోదా అంటారేమో. తప్పకుండా చెయ్యాలి. అది ఈ కాలం మనకిచ్చిన వరం. కాని రికార్డు ఒకనాటి పాటని దాస్తుందేగాని, తెగినచోట అందుకోవడం నేర్పదు. అలబామా బాలుర సంగతే చూడండి. తొలితరం వాళ్ళలో చివరిదాకా పాడిన జిమ్మీ కార్టర్ 2023లో విశ్రాంతి తీసుకున్నాడు. అయినా జట్టు పాడుతూనే ఉంది. ఆ పెద్దల పక్కన ఏళ్ళ తరబడి నిలబడి పాడినవాళ్ళు మిగిలి ఉన్నారు కాబట్టి.

ఈ గొడవ గుళ్ళదే అనుకోకండి, మనదీను. మన ఇళ్ళల్లో అమ్మమ్మల చేతి రాతలో పాటల నోటుపుస్తకాలు ఉంటాయి. పసుపు మరకలతో, లాలి పాటలూ, హారతులూ, అప్పగింతల పాటలూ. అన్నీ మాటలే. వరస మాత్రం ఏ అమ్మ గొంతులోనో, ఏ మేనత్త గొంతులోనో ఉంది. ఆవిడ వెళ్ళిపోతే ఆ నోటుపుస్తకం బీరువాలో కాగితాల కట్ట!

తెలుగులో 'వరస' అనే మాట ఒక్కటే పాట బాణీకీ, చుట్టరికానికీ కూడా. చుట్టరికపు వరస మర్చిపోతే పెద్దవాళ్ళు చివాట్లు పెట్టి మరీ చెబుతారు. పాట వరస మర్చిపోతే ఎవరూ ఏమీ అనరు, అందుకే అది ముందు పోతుంది. ఈసారి పండక్కి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆ నోటుపుస్తకం తీసి అమ్మ ముందు పెట్టండి. ఆవిడ "నా గొంతెక్కడిదే ఇప్పుడు" అంటుంది. అననివ్వండి. పల్లవి ఆవిడ ఎత్తుకున్నాక, రెండో చరణం దాకా ఆగకుండా, మొదటి చరణం నుంచే మీరూ వంత కలపండి.