వరి పైరు: మునకను ఓర్చే సబ్1ఎ జన్యువు

వరి మొక్క పూర్తిగా నీట మునిగితే ఆక్సిజన్ అందదు, వెలుతురు తగ్గుతుంది. నీటిలో వాయువులు చాలా నెమ్మదిగా కదులుతాయి కనుక మొక్కలో పుట్టే ఇథిలీన్ బయటికి పోలేక కణజాలంలోనే పేరుకుంటుంది. మునిగిన సంగతి కణాలకు ముఖ్యంగా దీనివల్లే తెలుస్తుంది. మామూలు రకాల్లో ఇథిలీన్ ప్రభావంతో జిబ్బరెలిన్ హార్మోన్ చురుకై, నీటిపైకి చేరేందుకు ఆకులు, కాండం వేగంగా సాగుతాయి. వరద తీసేలోపు నిల్వ పిండిపదార్థం ఖర్చయి పైరు కుళ్లిపోతుంది.

ఒడిశా దేశవాళీ వరి నుంచి ఎంపికైన ఎఫ్‌ఆర్13ఎ ఇందుకు భిన్నం. దాని 9వ క్రోమోజోమ్‌పై ఉన్న సబ్1ఎ జన్యువును 2006లో వెల్లడించారు. ఇథిలీన్ పెరగగానే ఇది పనిలోకి దిగి, జిబ్బరెలిన్ ప్రభావాన్ని అణచే ఎస్‌ఎల్‌ఆర్1 ప్రోటీన్‌ను పెంచుతుంది. ఎదుగుదల దాదాపు నిలిచి చక్కెరలు మిగులుతాయి. ఎదగకుండా ఓర్చుకోవడమే ఈ మొక్క నేర్పు. నీరు తీశాక ఒక్కసారిగా తగిలే ఆక్సిజన్ వల్ల పుట్టే హానికర అణువులను తొలగించడంలోనూ ఈ జన్యువు తోడ్పడుతుంది. రెండు వారాల మునక తర్వాత కూడా పైరు తిరిగి చిగురిస్తుంది.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో రూపొందిన స్వర్ణ (ఎంటీయూ 7029) రకంలోకి ఈ జన్యువును సంకరణాల ద్వారా చేర్చగా వచ్చిన స్వర్ణ-సబ్1 భారత్‌లో 2009లో విడుదలైంది.

రుషికుల్య నది వరదలు చూసే ఒడిశాలోని గంజాం జిల్లాకు మునకను ఓర్చడం విలువైన గుణమే, కానీ దీనికి పరిమితి ఉంది. జన్యువు రక్షణ పిలకల దశ వరకే. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ వంటి తుపాన్లు పూత, గింజ దశల్లో పైరును ముంచితే సబ్1ఎ కాపాడలేదు.