భయపడ్డానికి డబ్బులిచ్చేవాళ్ళు

లోకంలో మనిషి డబ్బు పెట్టి కొనుక్కునే వాటన్నింటిలోకీ చిత్రమైన సరుకు భయం. చీర కొంటే కట్టుకుంటాం, చింతపండు కొంటే చారు పెట్టుకుంటాం. భయాన్ని కొనుక్కుని ఏం చేసుకుంటాం? అయినా కొంటూనే వున్నాం. దయ్యాల సినిమాకు పోయి, చెంగు కళ్ళకడ్డం పెట్టుకుని, మళ్ళీ ఆ చెంగు సందులోంచే చూసి, ఇంటికొచ్చాక పెరట్లోకి పోవడానికి తోడు పిలిచిన ఆడవాళ్ళం మనలో ఎంతమందిమి లేము?

ఈ సంగతి మన పెద్దలు ఏనాడో కనిపెట్టారు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి. శృంగారానికీ హాస్యానికీ విస్తరి వేసిన పంక్తిలోనే భయానికీ విస్తరి వేశాడాయన. తరవాత, సుమారు వెయ్యేళ్ళ కిందట, కాశ్మీరంలో అభినవగుప్తుడు ఆ గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ ఈ రసానికి ఉదాహరణగా శాకుంతలం మొదటి అంకంలోని జింకను చూపించాడు. దుష్యంతుడి రథం తరుముతుంటే మెడ తిప్పి తిప్పి వెనక్కి చూసుకుంటూ పరుగెత్తుతుందే, ఆ జింక. దాని భయం మనకు తెలుస్తుంది గాని, అది ఫలానావాళ్ళ భయమని మన మనసు లెక్క కట్టదు. అందుకే అందులో రుచి వుందంటాడాయన.

కాలేజీలో చదువుకున్న ఈ పాఠం నాకు మళ్ళీ గుర్తు చేసినవాడు వేంపల్లెలో మా చెల్లెలి కొడుకు. ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు ఇంటికొస్తే చాలు, రాత్రి పది దాటాక దీపాలన్నీ ఆర్పేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటరు ముందు కూర్చుంటాడట. అర్ధరాత్రి వున్నట్టుండి “అమ్మా!” అని కేకేస్తాడట. వాళ్ళమ్మ పరుగెత్తుకొస్తే, “ఏంల్యా మా, ఆటలే” అంటాడట. “పిల్లోడు ఏమైపోతాడోనక్కా” అని మా చెల్లెలి బాధ. దసరాకు పోయినప్పుడు వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. అభినవగుప్తుడి జింక కథ చెప్పాను. వాడు శ్రద్ధగా విని, “సినిమాలో అయితే జింకను చూస్తాం పెద్దమ్మా. ఈ ఆటలో జింక మనమే” అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు చరిత్ర మీద ఆసక్తి కలిగింది. ఈ రకం ఆటలకు ‘సర్వైవల్ హారర్’ అని పేరు. బతికి బయటపడటమే గెలుపు. 1982లో అటారీ కంపెనీ ‘హాంటెడ్ హౌస్’ అని ఒకటి తెచ్చింది. బొమ్మలు గీసే శక్తి ఆ యంత్రానికి అంతంత మాత్రం, అందుకని ఆడేవాడు తెర మీద చీకట్లో మెరిసే రెండు కళ్ళు మాత్రమే! 1989లో జపానులో క్యాప్‌కామ్ వాళ్ళు ‘స్వీట్ హోమ్’ చేశారు. దాన్నే కొత్తగా చెయ్యబోయి, షింజీ మికామి అనే ఆయన 1996లో ‘రెసిడెంట్ ఈవిల్’ తయారుచేశాడు. సర్వైవల్ హారర్ అన్న పేరు లోకంలో పాకింది దీనితోనే. పాడుపడ్డ మేడ, అందులో నడిచే శవాలు. కాని అసలు కిటుకు శవాల్లో లేదు. తూటాలు తక్కువ. సంచీలో ఆరో ఎనిమిదో వస్తువులకు మించి పట్టవు. అంతవరకూ ఆడింది భద్రం చేసుకోవాలంటే టైపు మిషను దగ్గరికి పోవాలి, దానికి రిబ్బను కావాలి, ఆ రిబ్బన్లూ లెక్కే!

1999లో వచ్చిన ‘సైలెంట్ హిల్’ కథ ఇంకా ముచ్చటైనది. వూరంతా ఒక్కసారి గీసి చూపించే శక్తి యంత్రానికి లేక, దూరాన్ని పొగమంచుతో కప్పేశారు. ఆ లోపమే ఆటకు అందమై కూర్చుంది. ఏముందో కనిపించకపోవడం కంటే భయం ఏముంటుంది?

మావాడు ఆడేది 2014లో ఇంగ్లండులో తయారైన ‘ఏలియన్: ఐసొలేషన్’. 1979లో వచ్చిన ‘ఏలియన్’ సినిమాకు కొనసాగింపు కథ. అంతరిక్షంలో కనిపించకుండా పోయిన తల్లి జాడ కోసం, పదిహేనేళ్ళ తరవాత కూతురు అమండా వెతుక్కుంటూ పోతుంది. అక్కడొక రాక్షసి. దాన్ని చంపడం కుదరదు. అగ్గి చూపించి కాసేపు తరమొచ్చు, లేదా బీరువాలో దాక్కుని వూపిరి బిగపట్టొచ్చు. ఆ రాక్షసికి రెండు బుర్రలు పెట్టారట. ఒక బుర్రకు మనమెక్కడున్నామో ఎప్పుడూ తెలుసు. రెండో బుర్రకు తెలియదు, చూసీ వినీ వెతుక్కోవాలి. మొదటిది రెండోదానికి చాడీలు చెబుతుంది గాని సరైన చోటు చెప్పదు, “అటువైపెక్కడో వుంది చూడు” అని వూరుకుంటుంది. ఉమ్మడి కుటుంబాల్లో కాపురం చేసిన మనకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు కదా!

ఇక ఆడేవాళ్ళ అభిప్రాయాలు. మావాడితో పాటు చదివే నలుగురైదుగురిని కూడా కదిలించాను. ఒకడన్నాడు: “దాక్కోవడమే మజా ఆంటీ, తుపాకి చేతికిస్తే ఇక భయమెక్కడిది?” ఇంకొకడు ఒప్పుకోలేదు: “ఎంతసేపని దాక్కుంటాం? తిరగబడే వీలు లేకుంటే విసుగు.” మూడోవాడికి ఆట మరీ పొడుగట. ఒక అమ్మాయి మాత్రం తల్లి దొరుకుతుందేమోనన్న ఆశతోనే ఆడిందట, రాక్షసి వచ్చినప్పుడల్లా కంప్యూటరు తమ్ముడి చేతికిచ్చి!

తమాషా ఏమిటంటే ఈ తగువు వాళ్ళు నలుగురిదే కాదు, లోకమంతటిదీ. ‘ఐసొలేషన్’ వచ్చిన కొత్తలో కొందరు విమర్శకులు నెత్తిన పెట్టుకుంటే, కొందరు సగం మార్కులిచ్చి సరిపెట్టారు. పదేళ్ళు తిరిగేసరికి అది గొప్ప ఆటల జాబితాలో చేరింది. 2024లో రెండో భాగం చేస్తున్నామని ప్రకటించారు కూడా. ‘రెసిడెంట్ ఈవిల్’ వరసలో 2012లో వచ్చిన ఆరో ఆటలో కాల్పులు ఎక్కువై, ఇందులో భయమేదీ అని పాత అభిమానులు గోల పెట్టారు. 2017లో ఏడోదానికి మళ్ళీ ఒకే ఇంట్లోకి, చీకట్లోకి తీసుకొచ్చారు. భయం చాల్లేదని గొడవ చేసి భయం తెప్పించుకున్నారన్నమాట!

నవ్వకండి. మన పత్రికల చరిత్రలోనూ ఇలాంటి ఘట్టం వుంది. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్‌గా వస్తుంటే వారం ఎప్పుడు తిరుగుతుందా అని ఎదురుచూసినవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే. విమర్శకులు అలాంటి నవలలకు ‘క్షుద్ర సాహిత్యం’ అని పేరు పెట్టి దుమ్మెత్తిపోశారు. మూఢనమ్మకాలు పెంచుతున్నారన్నారు. ఆ మాటలో నిజం లేదనను. కాని అద్దె పుస్తకాల షాపులో బైండు నవల దొరక్క తిరిగిపోయినవాళ్ళకు ఆ చర్చతో పనిలేకపోయింది.

అంతకు ముందు? వైకుంఠపాళి వుండనే వుంది. శివరాత్రి జాగారానికి మా జేజి పటం పరిచి గవ్వలు తీస్తే, పెద్ద పాము దగ్గరికొచ్చేసరికి మా చేతులు వణికేవి. వైకుంఠం నాలుగు గళ్ళ దూరంలో కనిపిస్తూనే వుంటుంది, గవ్వలు ఒక్కటి తప్పి పడ్డాయా, పాతాళానికే. పంతొమ్మిదో శతాబ్ది చివర మన పాములూ నిచ్చెనలూ ఇంగ్లండు చేరి అక్కడి పిల్లల ఆటయ్యాయి. వైకుంఠం పోయింది గాని పాములు మాత్రం మిగిలాయి.

వేంపల్లె వాళ్ళకు ఆటలూ నవలలూ అక్కర్లేకుండానే ఇలాంటి అనుభవం ఒకటుంది. వూరికి పక్కనే పాపాఘ్ని నది కొండను చీల్చుకుని పోయే చోట గండి ఆంజనేయస్వామి గుడి వుంది. శ్రావణ శనివారాలు జనం కిటకిటలాడిపోతారు. లంకనుంచి తిరిగొచ్చే రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని కథ. ఆ తోరణం అందరికీ కనిపించదు. కాలం దగ్గరపడిన పుణ్యాత్ములకే కనిపిస్తుందంటారు. చిన్నప్పుడు గండికి పోతే మేము తలెత్తి కొండల మధ్య వెతికేవాళ్ళం. “తేరిపార చూడాకు పాపా. కనపడితే మంచిదే, కనపడకుంటే ఇంకా మంచిది” అనేది జేజి. చూడాలనీ వుండేది, చూడగూడదనీ వుండేది. ఆ రెంటికీ మధ్య ఒళ్ళు జలదరించడముందే, మావాడు డబ్బు పోసి కొనుక్కుంటున్నది సరిగ్గా దాన్నే.

ఆ తోరణం చూసినవాళ్ళలో థామస్ మన్రో ఒకడని మా వైపు చెప్పుకుంటారు. నిజాం దత్తమండలాలను కంపెనీకిచ్చిన 1800లో ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా వున్నాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. పిల్లలకు మన్రోలయ్య అని పేరు పెట్టుకునేంత అభిమానం సంపాదించుకున్నాడు. స్వదేశం పోబోయే ముందు పాత మండలాలను ఒకసారి చూద్దామని బయల్దేరి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. చరిత్ర కలరా అంటుంది, కథ తోరణం అంటుంది.

మా వాళ్ళు తోరణాన్నే ఎందుకు ఎంచుకున్నారు? కలరా అంటే ఆ రోజుల్లో ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. అది నీళ్ళలో వస్తుందని లండనులో జాన్ స్నో గట్టిగా చూపించింది 1854లో. 1827లో ఎక్కణ్ణించి వస్తుందో, ఎవరిని పట్టుకుంటుందో, ఎందుకు వదిలేస్తుందో చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద లేడు. పొద్దున బాగున్న మనిషి రాత్రికి లేడు. అలాంటి దిక్కుమాలిన చావుకంటే బంగారు తోరణం ఎంత నయం! అందులో ఒక పద్ధతి వుంది, పుణ్యం వుంది, ముందుగా ఒక గుర్తు వుంది. పద్ధతి వున్న భయాన్ని మనిషి మొయ్యగలడు.

ఈ మాటే మావాడితో అంటే, వాడు ఎగిరి గంతేశాడు. “అంతే పెద్దమ్మా! రాక్షసికీ రూల్సుంటాయి. చప్పుడు చేస్తే వస్తుంది, చెయ్యకుంటే పోతుంది. చచ్చిపోయినా సేవ్ చేసినకాడినుంచి మళ్ళీ ఆడొచ్చు.”

వంటింట్లోంచి మా చెల్లెలంది: “మనకు యాడుందక్కా ఆ సేవు? పోయినేడు శనక్కాయ పెరికే పొద్దుకు వాన పట్టుకుని కాయంతా కుళ్ళిపాయ. వానకు రూల్సుండాయా?”

మాట్లాడకుండా కూర్చున్నాం. ఈ నేల చరిత్రంతా ఆ ప్రశ్నే కదా. 1876లో మొదలై 1878 దాకా పీడించిన ధాతు కరువులో, రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనికొచ్చిన మగవాడికి రోజుకు పౌను గింజలూ ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలోకు తక్కువే. అంత తక్కువ తిండితో రాళ్ళు కొట్టే మనిషి బతకడని డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించాకే, ఆ తరవాత కూలి పెంచారు. ఆ గింజల్ని ఇంట్లో ఎంతమందికి, ఎన్నిపూటలకు పంచాలో లెక్కపెట్టిన ఆడవాళ్ళ పేర్లు ఏ రికార్డులోనూ లేవు. మనం వాళ్ళ మనవరాళ్ళం. బిందెలో నీళ్ళు, డబ్బాలో బియ్యం, తరవాతి పంటకు దాచిన విత్తనపుకాయ, చూపుతోనే లెక్కకట్టే అలవాటు మనకు అక్కణ్ణించే వచ్చిందనుకుంటాను.

ఆ రాత్రి చెల్లెలూ నేనూ వాడి వెనక మంచం మీద కూర్చుని ఆట చూశాం. రాక్షసి వస్తున్న చప్పుడు. వాడు అగ్గి తుపాకి ఎత్తాడు. “ఒరేయ్, వుండేదంతా ఇప్పుడే వాడేయాకు. ముందు ముందు ఏముందో ఏమో, దాచిపెట్టు” అంది మా చెల్లెలు, ఆటంటే ఏమిటో తెలియని మనిషి. వాడు చెయ్యి దించి, బీరువాలో దాక్కున్నాడు. రాక్షసి వాసన చూసి పోయింది. “అమ్మకు నాకంటే బాగా తెలుసు” అన్నాడు వాడు.

కాసేపయ్యాక, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, రెండు సబ్జెక్టులు పోయాయనీ, ఉద్యోగాల ఎంపికకు పిలుస్తారో లేదోననీ చెప్పాడు. నెల రోజులుగా కడుపులో దాచుకున్నాడట. వెలుగులో మా ముఖాలు చూస్తూ చెప్పలేనిది, చీకట్లో, ముగ్గురం ఒకే రాక్షసికి భయపడ్డాక చెప్పగలిగాడు. చెల్లెలు తిట్టలేదు. “మళ్ళీ ఎప్పుడు రాయొచ్చు? ఫీజెంత?” అని అడిగింది. లెక్క మొదలుపెట్టిందన్నమాట.

పిల్లలు రాత్రంతా ఆడుతుంటే వద్దనకూడదని నేననను. నిద్ర చాలాలి, చదువు సాగాలి, పసిపిల్లలకు ఈ ఆటలు అసలే తగవు. కాని ఎదిగిన పిల్లలు చీకట్లో కూర్చుని ఎందుకు భయపడుతున్నారో ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. మీ సలహా వాళ్ళకు పనికొస్తుంది, సందేహం లేదు. రూల్సున్న భయాన్ని వాళ్ళు బాగానే ఆడుకుంటున్నారు. రూల్సు లేనిదాని సంగతి కూడా ఎప్పుడో మీకు చెప్పుకుంటారు.