హేమంతమున పచ్చిక

పసరము మేయవలసిన గడ్డిని వాకిట పెంచి, నీరు పోసి, మరల కత్తిరించుట యేమి వేడుకయని మీలో కొందఱనవచ్చును. నేనును ఒకప్పుడట్లే తలంచినవాడనే. ఉద్యోగవిరమణానంతరము ఆదిలాబాదు ప్రాంతమున మా యింటిముందు గుంటెడు నేలలో గరిక నాటితిని. ఆ గరిక నాకొక హేమంతమున నేర్పిన పాఠమును చెప్పుటకు ముందు, పచ్చికబయలు చరిత్రను కొంత విన్నవించెదను.

కత్తిరించి పెంచు పచ్చికకు ఇంగ్లండువంటి చల్లని, తడిగల దేశములు మిక్కిలి అనుకూలములు. 1625లో ఫ్రాన్సిస్ బేకను ఉద్యానములను గూర్చి వ్రాసిన వ్యాసమున, పొట్టిగా కోసిన పచ్చిక కన్నుల కెంతయు నింపని ప్రశంసించెను. తరువాతి శతాబ్దమున లాన్సెలాట్ బ్రౌను (1716–1783) అను ఉద్యానశిల్పి, ప్రభువుల మేడల గోడలదాక పచ్చికను పరపించెను. దానిని కోయు వారెవరు? దూరపు బయళ్లను గొఱ్ఱెలు మేసెడివి. మేడచెంతనున్న దానిని కూలివారు, మంచుతడి ఆఱకమునుపే లేచి, పొడుగు పిడిగల పెద్దకొడవండ్లతో కోసెడివారు. కావున పచ్చిక ధనవంతుల సొత్తై యుండెను.

1830లో గ్లాస్టర్‌షైరు వాసియగు ఎడ్విన్ బియర్డ్ బడ్డింగు గడ్డికోయు యంత్రమును కనిపెట్టెను. ఉన్నిబట్టమీది నూగును సమముగా కత్తిరించు యంత్రమును చూచి, ఆ యుపాయమునే గడ్డికిని వర్తింపజేసెను. నాటినుండి క్రమముగా సామాన్యుల యిండ్లముందును పచ్చిక వెలసినది.

గడ్డి యిన్ని కోతల కోర్చుటకు కారణము కలదు. దాని పెరుగుదల కొనయందు గాక మొదట, నేలనంటియుండును. కొన తెగినను మొదలు బ్రదికియుండును. కాని యంత్రము వచ్చినను శీతకాలము మనుష్యునకు లొంగలేదు. చలి ముదిరినపుడు అచటి గడ్డి పెరుగుట మానును. అందుచే అచటి తోటమాలులు ఆ దినములలో కోత మానుదురు. రాలిన యాకులను ఊడ్తురు. మంచు గడ్డకట్టిన పచ్చికపై అడుగిడరు. అడుగిడినచో గడ్డకట్టిన పోచలు లోలోపల చితికి, పాదముల జాడలు నల్లబడి చాలదినములు నిలుచును. చేయవలసిన దానికంటె చేయరాని దానిని ఎఱుగుటయే వారి శీతకాలపు విద్య.

ఆంగ్లేయులు తమతో నీ వేడుకను మన దేశమునకును తెచ్చిరి. కర్జను ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున (1899–1905) ఆగ్రాలోని తాజమహలు తోటలో చెట్లను తగ్గించి పచ్చికను పరపించిరి. కాని చలిదేశపు గడ్డి మన మైదానముల వేసవి కోర్వలేదు. మన నేలలో పచ్చికకు ఆధారమైనది మన గరికయే. బాల్యమున నేను వల్లించిన అమరకోశమున దూర్వకు శతపర్విక, రుహ, అనంత యను పేళ్లు కలవు. నూఱు కణుపులు గలది, మరల మొలచునది, అంతము లేనిది యని వాని యర్థము.

ఈ పేళ్లు నోటికి వచ్చినను నాకు బుద్ధి రాలేదు. ఒక పుష్యమాసమున రాత్రుల చలి 10 డిగ్రీలకు దిగగా, గరిక పాలిపోయి గడ్డివాము రంగునకు వచ్చెను. అది దాహముచే చచ్చుచున్నదని తలంచి ఉదయసాయంకాలములు నీరు పోసితిని, యూరియాయు చల్లితిని. పదునైదు దినములలో ఒకమూల బూజుపట్టి క్రుళ్లెను. ఆ దారిని పోవుచున్న యొక ముసలిరైతు కూర్చుండి, వ్రేలితో మన్ను గీకి, తెల్లని వేరుకాడను చూపి, “సారూ, గిది సావలే. పండుకున్నది. మీరే లేపుతున్నరు” అనెను. ముప్పదియేండ్లకు పైగా బాలురకు పాఠములు చెప్పిన నేను మాఱుపలుకలేకపోతిని. వెనుకబడిన బాలురను ఇట్లే తొందరపెట్టిన దినములు నాకు జ్ఞప్తికి వచ్చినవి.

కావున గరిక పెంచువారికి నా మనవి యిది. చలి ముదిరినపుడు ఎరువు వేయకుడు. నేల పైపొర యెండిన పిమ్మటనే, అదియు ఉదయమున, కొలదిగా నీరు పెట్టుడు; సాయంకాలపు తడి రాత్రియంతయు నిలిచి బూజునకు చోటిచ్చును. పొట్టిగా కోయకుడు. రాలిన యాకులను తీసివేయుడు. సముద్రతీరపు జిల్లాలలో చలి తక్కువగుటచే గరిక యంతగా పాలిపోదు. పెరుగుట మాత్రము మందగించును. అచటను నీటిని తగ్గింపవలయును.

నేను చేయి తీసిన పిమ్మట, మిగిలిన గరిక ఫాల్గుణమున ఎండ తగులగనే కణుపుకణుపున చిగిర్చెను. క్రుళ్లిన మూల మాత్రము వేసవి నడుమదాక బోడిగనే యుండెను. తుదకు ప్రక్కనున్న తీగలే ప్రాకి దానిని కప్పినవి. నేను తిరిగి నాటలేదు.