కొండాపూర్ (సంగారెడ్డి జిల్లా)

సంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలున్న కొండాపూర్ వేరు, ఇది వేరు. ఊరి దగ్గర పొలాల మధ్య ఎత్తుగా కనిపించే మట్టిదిబ్బను స్థానికులు కోటగడ్డ అంటారు. 80 ఎకరాలకు పైగా పరుచుకున్న ఆ గడ్డ కింద శాతవాహనుల కాలపు పట్టణం ఉంది.

దీన్ని 20వ శతాబ్దం తొలి ఏళ్లలో హెన్రీ కజిన్స్ గుర్తించారు. అసలు తవ్వకాలు 1940ల తొలినాళ్లలో, నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ఆధ్వర్యంలో జరిగాయి. శాఖాధిపతి గులాం యజ్దానీ 1941లో రాసిన వ్యాసంలో దీన్ని క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 200 దాకా బతికిన ఆంధ్ర నగరంగా లెక్కగట్టారు. క్షేత్రంలో తవ్వకాలు నడిపినవారు ఖ్వాజా మహమ్మద్ అహ్మద్.

ఇటుక గోడల ఇళ్లు, బౌద్ధ స్తూప చైత్యాల పునాదులు బయటపడ్డాయి. కానీ కొండాపూర్‌ను ప్రత్యేకంగా నిలబెట్టేవి చేతిపనివారి ఆనవాళ్లే. వేల సంఖ్యలో నాణేలు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహంతో చేసినవి. ఇవి రాజుల ఖజానాలో దాచే సొమ్ము కాదు, బజారులో చేతులు మారే చిల్లర. నాణేలు పోతపోసే మట్టి అచ్చులు కూడా దొరకడంతో ఇక్కడ టంకశాల ఉండేదని పండితులు భావించారు. ‘సాదవాహన’ పేరున్న నాణెం శాతవాహన వంశ మూలపురుషుడిదా కాదా అన్న చర్చ చాలాకాలం నడిచింది. రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం దూరదేశాలతో వర్తకానికి సాక్ష్యం.

తెల్లని కేయోలిన్ మట్టితో చేసిన బొమ్మల పనితనం మరీ గొప్పది. ముందుభాగానికి ఒక అచ్చు, వెనుకభాగానికి ఒక అచ్చు వాడి, రెండు ముక్కలనూ కలిపి లోపల బోలుగా తయారుచేసేవారు. జుట్టు ముడులు, నగలు స్పష్టంగా తెలిసేలా తీర్చినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు. శాతవాహన చరిత్రను రాజుల వరుసగా మాత్రమే చదివినవారు ఈ బొమ్మల ముందు కాసేపు నిలబడాలి. పూసలు, శంఖు గాజులు, నునుపు మెరుగు పెట్టిన కుండలు వీటితోపాటే దొరికాయి.

దొరికిన వస్తువులను భద్రపరచడానికి దిబ్బ దగ్గరే మ్యూజియం ఏర్పడింది. ఇప్పుడది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నిర్వహణలో ఉంది. ఆ సంస్థ 2009 తర్వాత మళ్లీ కొంత తవ్వింది. గడ్డలో చాలా భాగం ఇంకా తవ్వనే లేదు. పటాన్‌చెరు, సంగారెడ్డి పరిశ్రమల మీదుగా ముంబై రహదారిలో వెళ్లేవారు కాస్త పక్కకు తిరిగితే చేరుకోవచ్చు. శుక్రవారం మ్యూజియానికి సెలవు.