గచ్చు మీద మరక

పెద్దపండుగ వచ్చుచున్నదనిన ఇంటింట సున్నములు, రంగులు తప్పవు. కొన్ని ఏండ్ల క్రిందట మేమును మా ఇంటి తలుపులకు రంగు వేయించితిమి. పనివారు నేలపై గోనెపట్టా పరచుట మరచిరి. నడవలోని ఎర్రగచ్చుపై ఆకుపచ్చరంగు చుక్కలు చుక్కలుగా పడి ఎండిపోయెను. ఆ గచ్చు మా తండ్రిగారు దగ్గర నిలుచుండి వేయించినది. తాపీమేస్త్రి మోకాళ్ళపై కూర్చుండి, దినములకొలది రాతితో రుద్ది, కొబ్బరినూనె పట్టించి, ముఖము కనబడునంత నునుపు తెచ్చిన నేల అది.

ఎవరో యాసిడ్ పోసిన పోవునని చెప్పిరి. మేము ముందు వెనుకలు చూడక ఒక పనివానిని పిలిపించితిమి. అతడు సీసా వంచి పోసెను. నేల బుసబుస పొంగెను. ఆ ఆవిరికి ఇంటిల్లిపాదియు దగ్గుచు వీధిలోనికి పరుగెత్తితిమి. తరువాత కడిగి చూతుము గదా, ఆకుపచ్చ చుక్కలు ఉన్నవి ఉన్నట్లే యుండెను. వాని చుట్టును గచ్చు నునుపు పోయి, రంగు వెలిసి, ఇసుక రేణువులు పైకి తేలియుండెను. మరక నిలిచెను, నేల పోయెను. మా తల్లిగారు చూచి, “ఆ చుక్కలే నయం గదరా నాయనా!” అని మాత్రము అనిరి.

మరక ఏల పోలేదు? నేల ఏల పోయెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము సున్నపుబట్టీల చరిత్రలో, రంగుల చరిత్రలో, సోడా కర్మాగారముల చరిత్రలో దాగియున్నది. ఆ కథను నేడు శ్రోతలకు మనవి చేయుదుము.

మన పల్లెల ఇండ్లలో వెనుక మట్టినేలయే యుండెడిది. దానికి మరకల బాధ లేదు. పేడతో అలికి ముగ్గు పెట్టిన నిన్నటి మరక నేటి అలుకు క్రింద అణగిపోవును. కలవారి ఇండ్లలోను, దేవాలయములలోను, కోటలలోను సున్నపు గచ్చు ఉండెను. సున్నపురాతినో గవ్వలనో బట్టీలో కాల్చి, నీరు చల్లి విరియించి, ఇసుక చేర్చి, ఎద్దులు త్రిప్పు గానుగలో నలుగగొట్టెడివారు. అదియే డంగుసున్నము. కరక్కాయలు నానవేసిన నీరును, బెల్లపునీరును అందు కలుపుట కలదు. 1591లో కట్టిన చార్మినారు మీది నగిషీలన్నియు సున్నపు గారతో తీర్చినవే. నేడు మనము సిమెంటు నేలను కూడ గచ్చు అనియే పిలుచుచున్నాము. వస్తువు మారినను మాట నిలిచినది.

సున్నము గట్టిపడు తీరు విచిత్రమైనది. సున్నపురాతిని కాల్చినప్పుడు అందలి బొగ్గుపులుసుగాలి వెడలిపోవును. గోడపై పూసిన సున్నము గాలిలోని ఆ వాయువునే మెల్లమెల్లగా మరల పీల్చుకొని తిరిగి రాయి యగును. కాని గాలి తగులని చోట, నీటి అడుగున, సామాన్యపు సున్నము గట్టిపడదు. రోమనులు పొజువోలి ప్రాంతపు అగ్నిపర్వతపు బూడిదను సున్నములో కలిపి ఈ లోపమును జయించిరి. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దిలో విట్రూవియస్ అను శిల్పి ఈ సంగతిని గ్రంథస్థము చేసెను.

ఇంగ్లండులో 1755 డిసెంబరులో ప్లిమత్ తీరమునకు ఆవల సముద్రమధ్యమున నున్న ఎడిస్టన్ దీపస్తంభము కాలిపోయెను. దానిని మరల కట్టు పని జాన్ స్మీటన్ అను ఇంజనీరునకు అప్పగించిరి. అలలు నిత్యము కొట్టు చోట కరగని సున్నము ఆయనకు కావలసివచ్చెను. పెక్కు చోట్ల సున్నపురాళ్ళు తెప్పించి పరీక్షించెను. ఆయన మిత్రుడైన విలియం కుక్‌వర్తీ అను రసాయనవేత్త ఒక ఉపాయము నేర్పెను. రాతిపొడిని నత్రికామ్లములో వేయవలెను. సున్నము బుసబుస పొంగి కరగిపోవును. కరగక అడుగున మిగిలిన దేమో చూడవలెను. ఏ రాతిలో బంకమన్ను మిగులునో ఆ రాతి సున్నమే నీటిలో బాగుగా గట్టిపడుచున్నదని స్మీటన్ కనుగొనెను. దీపస్తంభము 1759లో పూర్తియయ్యెను.

శ్రోతలు గమనింతురు గాక! ఆధునిక సిమెంటుకు దారి చూపిన పరీక్షయే సున్నమును ఆమ్లములో కరగించు పరీక్ష. ఆమ్లము ముందు సున్నము నిలువదని ఆ దీపస్తంభము నాడే తేలిన సత్యము. మేము మా నడవలో తెలియక చేసినదియు ఆ పరీక్షయే!

1824 అక్టోబరు 21వ తేదీన లీడ్స్ పట్టణమునకు చెందిన జోసెఫ్ ఆస్ప్డిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందెను. గట్టిపడిన పిమ్మట అది పోర్ట్‌లండ్ రాతిని పోలియుండునని ఆ పేరు పెట్టెను. 1840 తరువాతి దశాబ్దిలో ఆయన కుమారుడు విలియమును, ఐజక్ జాన్సన్ అను మరియొకడును మిశ్రమమును మరింత వేడిలో, గడ్డలు కట్టువరకు కాల్చి నేటి సిమెంటుకు రూపమిచ్చిరి. మొదట మన దేశమునకు సిమెంటు పీపాలలో ఓడలపై వచ్చెడిది. 1904లో చెన్నపట్టణమున గవ్వలతో సిమెంటు చేయు ప్రయత్నము జరిగి నిలువలేదు. 1914లో పోర్‌బందరులో చేసిన ప్రయత్నము ఫలించెను. 1936లో ఆంధ్రా సిమెంటు కంపెనీ ఏర్పడెను. క్రమముగా గానుగలు మూలబడెను, గచ్చులు సిమెంటువయ్యెను.

ఇక రంగు మాట. తలుపులకు వేయు పాతకాలపు రంగు అవిసెనూనెలో సీసపు సఫేదా నూరి చేసినది. అవిసెనూనె నీరువలె ఆవిరియై ఎండదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి తోలువలె గట్టిపడును. ఆ తోలును సామాన్యముగా ఆమ్లము కరగింపదు. క్షారము మాత్రము దానిని విరిచి సబ్బు చేయును. నూనెకు క్షారము చేర్చిన సబ్బగునని మనకు తెలిసినదే గదా! అందుచేతనే వెనుక ఐరోపాలో పాతరంగు తీయుటకు కట్టెబూడిద క్షారమును సున్నముతో ముద్దచేసి పట్టించెడివారు. అందుచేతనే తడి ఆరని క్రొత్త సిమెంటుపై నూనెరంగు వేసిన నిలువక పొరలు పొరలుగా లేచును. సిమెంటులోని క్షారమే దానిని తినివేయును. నేడు తలుపులకు వేయు ఎనామిలు రంగులకును క్షారమనిన ఇట్టి భయమే.

ఇప్పుడు మా ప్రశ్నలకు జవాబు దొరికినది. గచ్చు క్షారస్వభావము కలది, ఆమ్లమునకు లొంగును. నూనెరంగు ఆమ్లమునకు లొంగదు, క్షారమునకు లొంగును. మేము శత్రువును విడిచి మిత్రుని కొట్టితిమి.

మరి ఈ యాసిడ్ ఇంటింటికి ఎట్లు వచ్చెను? ఫ్రాన్సులో 1791లో నికొలాస్ లెబ్లాంక్ ఉప్పు నుండి సోడా చేయు పద్ధతికి పేటెంటు పొందెను. సబ్బుకును గాజుకును సోడా కావలెను. అయితే ఆ పద్ధతిలో ఉప్పుపై గంధకామ్లము పోసినప్పుడు ఘాటైన వాయువు వెలువడును. దానిని పొగగొట్టముల ద్వారా విడిచిపెట్టగా ఇంగ్లండులో చుట్టుపట్ల చెట్లు మాడిపోయెను, పైరులు చెడెను. 1836లో విలియం గాసేజ్ ఆ వాయువును నీటిలో పట్టు గోపురమును కట్టెను. 1863లో బ్రిటిషు పార్లమెంటు నూటికి 95 పాళ్ళు పట్టి తీరవలెనని శాసనము చేసెను. అట్లు పట్టిన నీరే హైడ్రోక్లోరిక్ ఆమ్లము. పారవేయుటకు చోటులేని వ్యర్థము చౌక సరుకయ్యెను. బట్టల సోడాయు, నేలపై పోయు యాసిడ్‌ను ఒకే కర్మాగారమున పుట్టిన కవలలు! మాకు కావలసినది మొదటిది, మేము తెచ్చినది రెండవది.

కావున గృహస్థులకు మా మనవి ఇది. రంగు తడిగా నున్నప్పుడే తుడిచిన సగము బాధ తీరును. నూనెరంగైన కిరసనాయిలుతోగాని టర్పెంటైనుతోగాని తడిపిన గుడ్డ, ప్లాస్టిక్ రంగైన నీటిగుడ్డ చాలును. ఎండిన ప్లాస్టిక్ రంగు స్పిరిటుతో మెత్తబడును. ఎండిన నూనెరంగుకు వేడినీటిలో బట్టల సోడా చిక్కగా కరగించి, సుద్దపొడితో ముద్దచేసి, మరకపై మందముగా పట్టించి, తడి ఆరకుండ కప్పియుంచవలెను. కొన్ని గంటలకు రంగు మెత్తబడును. చెక్కబద్దతో గీకి, నీటితో కడుగవలెను. ఒక్కసారికి పోనిచో మరల చేయవలెను. గచ్చులో కంటికి కనబడని రంధ్రము లుండును. రంగును మెత్తపరచుట సగము పని, దానిని రంధ్రములలోనుండి పైకి పీల్చుట తక్కిన సగము. సుద్దపొడి చేయు పని అదియే. కాస్టిక్ సోడా మరింత తీక్షణమైనది. అది చర్మమును కాల్చును, కన్ను తీయును, అల్యూమినియము పాత్రను తినివేయును. దానిని అనుభవము లేనివారు ముట్టరాదు.

పాత ఇండ్లలోని రంగును పొడిగా గీకుటయు తగదు. అందు సీసముండవచ్చును. ఆ ధూళి పసిపిల్లల మెదడుకు హాని చేయును. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు నుండియే అమలునకు వచ్చినది. అంతకు ముందటి రంగును తడిపియే తీయవలెను. మిథిలీన్ క్లోరైడు కలిసిన రంగుతీయు ద్రావకములను మూసిన గదులలో వాడి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. అమెరికాలో 2019లో గృహస్థులకు వాని అమ్మకము నిషేధించిరి.

వంటింటి మరకలకును ఇదే తర్కము. క్రొత్త గచ్చుపై పసుపు పడిన ఎర్రనగును. పసుపునకు సున్నము తగిలిన ఎరుపెక్కుట పారాణి కలుపు ప్రతి ఇల్లాలికిని తెలిసినదే. ఆ మరకను రుద్దుటకంటె ఎండ తగులనిచ్చుట మేలు. పసుపు వన్నె వెలుతురుకు నిలువదు. నిమ్మరసము, చింతపండు పులుసు పడినచోట తెల్లని మచ్చ మిగిలిన అది మరక కాదు, గాయము. పులుపు గచ్చును తిన్న గుర్తు. దానిని ఏ మందును పోగొట్టదు, మరల నునుపు చేయుటయే గతి. నూనె మరకకు సోడా, సుద్దపొడి చాలును. సున్నపు చుక్కలను గట్టిపడకముందే తడిగుడ్డతో తుడువవలెను.

ఇనుపపెట్టె అడుగున పడిన తుప్పు మరక మొండిది. సోడియం సిట్రేటు ఒక పాలు, గోరువెచ్చని నీరు ఆరు పాళ్ళు, గ్లిసరిను ఏడు పాళ్ళు కలిపి సుద్దపొడితో ముద్దచేసి రెండు మూడు దినములుంచిన తగ్గును. అయితే ఎర్రగచ్చుపై తుప్పు తీయబోవువారు ముందు ఆలోచింపవలెను. ఆ గచ్చుకు వన్నె తెచ్చిన ఎర్రపొడి ఇనుము తుప్పు జాతిదే. మరకను తీయు మందు వన్నెను కూడ తీయవచ్చును.

ఒక్క మాట మాత్రము మరువరాదు. యాసిడ్‌ను, బ్లీచింగు పౌడరును ఎన్నడును కలుపరాదు. గ్లాస్గోలో చార్లెస్ టెనెంట్ 1799లో పేటెంటు పొందిన ఆ పొడి క్లోరిన్ వాయువును సున్నములో బంధించి చేసినది. యాసిడ్ తగిలిన ఆ బంధము తెగి విషవాయువు విడుదలయగును. చిన్న స్నానాలగదిలో తలుపు మూసి రెండును పోసిన మనిషి బయటికి వచ్చుట కష్టము. ఈ పని చాలచోట్ల ఇంటివారు చేయరు, పనిమనిషి చేత చేయింతురు. సీసా మీది అక్షరములు ఆమెకు చదువరాకపోవచ్చును. చదివి చెప్పు బాధ్యత మనది.

మా నడవలోని ఆకుపచ్చ చుక్కలు సోడా ముద్దకు నాలుగు దినములలో పోయినవి. యాసిడ్ తిన్న జానెడు చోటు మాత్రము నేటికిని గరుకుగానే యున్నది. మా తండ్రిగారు నిలుచుండి వేయించిన నునుపు అచ్చట లేదు. ఇంట ఎవరైన మరకను చూచి తొందరపడినప్పుడు ఆ చోటును చూపి, పడినది ఏమి, పడినచోటు ఏది అని ముందు అడుగుచున్నాము.