మూడోసారి పరుగు

మొజాంబిక్‌లో పుట్టి, పసితనంలోనే తల్లికి దూరమై అమెరికా సర్కస్‌కు చేరిన ఆడ ఏనుగు టైక్. 1994 ఆగస్టు 20న, ఇరవై ఏళ్ల వయసులో, హొనొలులు నడివీధిలో పోలీసులు దాని మీద 86 తూటాలు పేల్చారు. కథ చివర ఇదేనని తెలిసే మొదలుపెడుతున్నాను.

ఆడ ఏనుగు పుట్టింటిని విడవదు. అమ్మ, అమ్మమ్మ, పినతల్లులు, అక్కచెల్లెళ్లు, వాళ్ల మధ్యే పెరిగి, వాళ్ల మధ్యే పిల్లల్ని కంటుంది. ఎండాకాలం నీళ్లెక్కడ దొరుకుతాయో మందలో పెద్దది ముందు నడిస్తే వెనకాలే నడిచి నేర్చుకుంటుంది. టైక్ నేర్చిందల్లా గొలుసు, అంకుశం, బ్యాండు మోగగానే కాలెత్తడం.

తన వల్ల కావడం లేదని అది రెండుసార్లు చెప్పుకుంది, పాపం. 1993 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో ఆట మధ్యలో తలుపులు బద్దలుకొట్టుకుని పారిపోయింది. పట్టితెచ్చారు. మూడు నెలలకు నార్త్ డకోటాలోని మైనాట్‌లో మళ్లీ పరుగు తీసింది. ఈసారి ఒక మావటి పక్కటెముకలు విరిగాయి. అప్పుడైనా ఆట మాన్పించి ఉండొచ్చు. కాస్త నేల, కాసిన్ని నీళ్లు చూపించి ఉండొచ్చు. అలా జరగలేదు. అద్దె తెచ్చే జంతువు కదా, సముద్రం దాటించి హవాయి పంపారు.

హొనొలులులోని బ్లెయిస్‌డెల్ సెంటర్‌లో ఆట జరుగుతుండగా అది సహాయకుణ్ని కాళ్లకింద దొర్లిస్తుంటే, ఆటలో భాగమేనని జనం అనుకున్నారు. అడ్డుపడిన శిక్షకుడు ఆలెన్ క్యాంప్‌బెల్ చనిపోయాడు. ఆయన కోసమూ ఏడవాల్సిందే. ఆ తర్వాత అరగంట పాటు కార్లు, సైరన్లు, మేడల నీడల మధ్య పరుగు. కానీ అది దీవి. ఎటు పరుగెత్తినా చివరికి సముద్రమే.

ప్రదర్శనల కోసం అడవి జంతువులను తేవడాన్ని హవాయి నిషేధించేసరికి 2018 వచ్చింది. టైక్ పోయిన మరుసటి ఏడే, 1995లో, టెన్నెస్సీలో ఏనుగులకు ఒక శరణాలయం వెలిసింది. టైక్‌ను అద్దెకిచ్చిన సంస్థ దగ్గరున్న ఏనుగులు కొన్ని 2006లో అక్కడికి చేరాయి. బతికుంటే అప్పటికి టైక్‌కు ముప్పయి దాటేవి. అరవై ఏళ్లు బతకగల జీవికి అది ఇంకా నడివయసే.